నా రంగు ఏ పెట్టెలో దొరుకుతుంది?

బొమ్మల కబుర్లు: మీ ప్రశ్నలు, డ్రాయింగ్ టీచర్ జవాబులు

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రష్షుల గురించో, ఏ కంపెనీ రంగులు మంచివనో ఉంటాయి. ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కొన్ని ఉత్తరాలు అలాంటివి కావు. అవి చదివాక మిగతావి వచ్చే నెలకి తీసి పెట్టాను. ముఖ్యంగా మొదటి ఉత్తరానికి జవాబు పొడుగవుతుందని ఎడిటర్ గారికి ముందే చెప్పాను. సరే అన్నారు.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది నరసన్నపేట. ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. పనంతా అయ్యాక రాత్రిపూట పాప పాత నోట్సుల్లో దేవుళ్ల బొమ్మలు, హీరోయిన్ల బొమ్మలు వేసుకుంటాను. నేను నలుపు. పుట్టింట్లో, బడిలో, పెళ్లిచూపుల్లో అందరి నోటా ‘నల్లగుంట’నే. మొన్న మా పాప ‘అమ్మా, నీ బొమ్మ వేసుకో’ అంది. అద్దంలో చూసి వేశాను. కళ్లూ ముక్కూ బాగానే కుదిరాయి. పాప క్రేయాన్లలోంచి స్కిన్ కలర్ తీసి ముఖానికి పూశాను. పాప చూసి ‘ఇది నువ్వు కాదు, ఎవరో ఆంటీ’ అంది. అప్పటి నుంచి పెన్సిల్ ముట్టుకోబుద్ధి కావట్లేదు. నా బొమ్మకి నా రంగు నేనే వేసుకోలేకపోయాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, నా కూతురి వయసుదానివి, నువ్వు అనే రాస్తున్నాను. మీ పాప మాటకి నువ్వు నొచ్చుకున్నావు గానీ, ఆ మాట ఇంకోసారి చదువుకో. జడ వేయించుకుంటూ, అన్నం తింటూ ఆ పిల్ల రోజూ చూసే ముఖం నీది. దాని రంగు మారిపోయేసరికి వేరే మనిషి అనిపించింది. నీ ముఖం నీ రంగుతోనే ఉండాలని ఇన్నేళ్లలో ఎవరైనా పట్టుబట్టారా? మీ పాప పట్టుబట్టింది.

ఆ స్కిన్ కలర్ క్రేయాన్‌తో నాకు ఉద్యోగం చేసినంత కాలమూ పేచీయే. లేత గులాబీలో కాస్త నారింజ కలిసిన రంగు అది. మన ఊళ్లలో ఆ రంగు మనిషిని నేను చూడలేదు. అయినా క్లాసులో పిల్లలు ‘స్కిన్ కలర్ ఒకసారి ఇవ్వవా’ అని ఒకరినొకరు బతిమాలుకునేవారు. అందుకని ఆరో తరగతి వాళ్లకి ఒక పని పెట్టేదాన్ని. పోస్టర్ కలర్లతో మీ ముంజేతి రంగు కలపండి, చేతి మీద చిన్న చుక్క పెట్టి చూసుకోండి, చుక్క చర్మంలో కలిసిపోయి కనబడకపోతే మీ రంగు దొరికినట్టు అని. బెల్లు కొట్టినా లేచేవారు కాదు. ఒకడి చుక్క ఎర్రగా ఉండిపోతే పక్కవాడు ‘కొంచెం నీలం వెయ్యి’ అని సలహా ఇచ్చేవాడు. దొరికిన రంగుకి పేరు కూడా పెట్టమనేదాన్ని. తేగ రంగు, చింతపిక్క రంగు, తాటిబెల్లం రంగు, తడి ఇసక రంగు అని రాసేవారు. పలాస నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి జీడిపిక్క రంగు అని రాసింది. నల్ల రంగు సీసా బల్ల మీదే ఉండేది. దాని మూత తియ్యాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇప్పుడు నీ పని. క్రేయాన్లు పాపకి ఇచ్చెయ్యి. వాటర్ కలర్ ట్యూబులు మూడు కొనుక్కో: బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ బ్లూ, యెల్లో ఆకర్ (మట్టి పసుపు). నలుపు కొనకు. బర్న్‌ట్ సియెన్నా ఇటుక ఎరుపు తిరిగిన గోధుమ రంగు. అందులో అల్ట్రామెరైన్ బ్రష్ మొనతో కొద్దికొద్దిగా కలుపుతూ పో. గోధుమ ముదురుతుంది, ఇంకా కలిపితే చింతపిక్క దగ్గరికి వస్తుంది, ఇంకా కలిపితే చూడ్డానికి నలుపే గానీ లోపల వెచ్చదనం ఉంటుంది. నీలం మరీ ఎక్కువైతే ఆ వెచ్చదనం పోయి బూడిద తిరుగుతుంది, అప్పుడు మళ్లీ సియెన్నా వెయ్యి. చెంప మీద వెలుతురు పడేచోట ఆకర్ కాస్త, నీళ్లు ఎక్కువ. ప్రతి మెట్టు దగ్గరా ఒక చిన్న మరక కాగితం అంచున పెట్టి, పక్కన మణికట్టు ఆనించి చూసుకో. నల్ల ట్యూబు ఎందుకు వద్దంటున్నానంటే, అది కలిస్తే ముఖం మసి పూసినట్టు అయిపోతుంది. బతికున్న మనిషి చర్మం ఎంత నల్లగా ఉన్నా అలా ఉండదు.

రంగులు కొనకముందే చేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పొద్దున్నపూట కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచే పడేలా అద్దం పెట్టుకుని కూర్చో. ట్యూబ్‌లైటు కింద వద్దు. ఊరికే చూడు. ముదురు చర్మం మీద మెరుపు ఎంత స్పష్టంగా ఉంటుందో చూడు: నుదుటి మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముక మీద, కింది పెదవి మధ్యలో. కిటికీ లోంచి ఆకాశం కనబడుతుంటే ఆ మెరుపులో లేత నీలం ఉంటుంది. లేతరంగు చర్మం మీద ఇది ఇంత బాగా తెలియదు. అక్కడ పలచగా ఒక నీలం పూత వేసి, ఆరాక చుట్టూ సియెన్నా వేసుకుంటూ వస్తే చెంప కాగితం మీంచి లేచి ముందుకి వస్తుంది. అది నీ చేత్తో నువ్వు చూసుకోవాల్సిందే, నేను రాస్తే తెలిసేది కాదు.

నీకు ఇది చేతకాదని అనుకోకు. బ్లౌజు గుడ్డకి దారం ఎలా కలుపుతావు? రీలు గుడ్డ మీద పెట్టి, గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తావు కదా. మెరూన్ దారాలు నాలుగుంటే వాటిలో ఏది ఆ గుడ్డదో చెప్పే కన్ను నీది. అదే కన్ను అద్దం ముందుకి తీసుకురా. టేపు కూడా పనికొస్తుంది. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తవాళ్లు దాదాపు అందరూ కళ్లు పైకి పెట్టేసి నుదురు మింగేస్తారు. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా ఉంటుంది.

ఉత్తరంలో నువ్వు పైకి అడగని ప్రశ్న ఒకటుంది. రంగు కుదిరితే నాకు నేను నచ్చుతానా అని. నచ్చుతావని మాట ఇవ్వను. పెళ్లిచూపుల్లో విన్న మాటలు ఒక బొమ్మతో పోవు. కానీ తన బొమ్మ తాను వేసుకునేవాళ్ల దగ్గర కూర్చుని నేను చూసింది చెప్తాను. అద్దం ముందు కూర్చున్న కాసేపటి దాకా మనిషి తనకి తాను తీర్పు చెప్పుకుంటూ ఉంటుంది: ముక్కు లావు, రంగు తక్కువ, దవడ పెద్దది. ఆ తర్వాత కనుబొమ్మ ఎక్కడ మొదలైందో, ముక్కు నీడ పై పెదవిని తాకిందో లేదో చూడాల్సి వస్తుంది. చూడటంలో పడ్డాక తీర్పుకి తీరిక ఉండదు. లావు ముక్కుకి నీడ ఎటు పడిందన్నదే ప్రశ్న అవుతుంది. అంతసేపూ ఆ మనిషి తనని మేనత్త కళ్లతోనో, పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల కళ్లతోనో చూసుకోదు, తన కళ్లతో చూసుకుంటుంది. లేచాక ఆ మాటలు మళ్లీ గుర్తొస్తాయి. కానీ అవి లేని గంట ఒకటి ఉందని తెలుస్తుంది, రేపు మళ్లీ అక్కడికి వెళ్లొచ్చని కూడా తెలుస్తుంది.

బొమ్మ కింద తారీకు వేసి సంతకం పెట్టు. అది ఎవరికీ చూపించనక్కర్లేదు, పాపకి తప్ప. కుదరలేదని చింపకు, పక్క పేజీలో ఇంకొకటి మొదలుపెట్టు.

ప్రశ్న: మేడమ్, నేను టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాకు నత్తి. స్కెచ్చింగ్ అలవాటైంది, అది చేస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. కానీ బయట కూర్చుని వేస్తుంటే ఎవరో ఒకరు వచ్చి ‘ఏటి బాబూ వేస్తన్నావు’ అంటారు. మాట రాదు, చెమటలు పడతాయి, పుస్తకం మూసేసి వచ్చేస్తాను. బొమ్మలు వేస్తే ఆత్మవిశ్వాసం పెరిగి నత్తి పోతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: బాబూ, నిజం కాదు. నత్తి ధైర్యం చాలక వచ్చేది కాదు. చాలామందికి రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు, మాటలు నేర్చే రోజుల్లోనే మొదలవుతుంది. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఉంటుంది కూడా. టెన్షన్ పడితే ఎక్కువవుతుంది గానీ టెన్షన్ వల్ల పుట్టదు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లు, మాట సులువు చేసుకునే పద్ధతులు ఈ వయసులో కూడా నేర్పుతారు. అది వేరే పని, ఇది వేరే పని. నత్తి తగ్గించే బరువు బొమ్మ మీద పెడితే, తగ్గని రోజున బొమ్మ మీద కోపం వస్తుంది. అది వేస్తున్నంతసేపూ హాయిగా ఉంటుందని నువ్వే రాశావు, దాన్ని పోగొట్టుకోకు.

అడిగినాయనకి నీ నోటి జవాబే కావాలని ఎందుకనుకుంటున్నావు? పుస్తకం ఆయన వైపు తిప్పు. ‘ఓహో, ఇది మన టీ బడ్డీ కదా, ఆ బల్ల మీద కూర్చున్నది మా బావే’ అని తనే మొదలుపెడతాడు. రోడ్డు పక్కన బొమ్మ వేసేవాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు మాట్లాడటానికే వస్తారు, వినడానికి కాదు. నువ్వు తలూపినా చాలు. చెప్పాలనిపిస్తే చెప్పు, ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, కాగితం మీద బొమ్మ ఉంది కాబట్టి ఆయన చూస్తూ ఆగుతాడు. పుస్తకం మాత్రం ముయ్యకు.

గోడకి వీపు ఆనించి కూర్చుంటే వెనక నుంచి తొంగిచూసేవాళ్లు ఉండరు, ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. ముఖాల జోలికి ఇప్పుడే పోకు. సీతంపేట వైపు సవర గిరిజనుల గోడబొమ్మలు చూశావా? ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. మనుషులకి కన్నూ ముక్కూ ఉండవు. అయినా ఎవరు కావడి మోస్తున్నారో, ఎవరు చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడుతున్నారో, ఎవరు చెట్టెక్కుతున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. వంగిన నడుం, ఎత్తిన చెయ్యి చాలు వాళ్లకి. బస్టాండులో మనుషులు కదిలిపోతుంటారు కాబట్టి నువ్వూ అలాగే పట్టు: ముందు వెన్ను గీత, తర్వాత బరువు ఏ కాలి మీద ఉందో, అంతే. మనిషి వెళ్లిపోతే బొమ్మ అలా సగంలోనే వదిలెయ్యి.

చలికాలంలో తేలినీలాపురం వెళ్లు, నీకు దగ్గరే. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి, ఊరివాళ్లు వాటిని సొంత మనుషుల్లా కాపాడుకుంటారు. పెలికాన్ గంటల తరబడి మెడ ముడుచుకుని కూర్చుంటుంది, నేర్చుకునేవాడికి అంతకంటే మంచి మోడల్ దొరకదు. పైగా అక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ తలెత్తి చెట్ల పైకి చూస్తుంటారు, పక్కవాణ్ణి పలకరించరు.

ప్రశ్న: నమస్తే అమ్మా. విజయనగరంలో ఉంటాను, ఈ మధ్యే రిటైరయ్యాను. వాటర్ కలర్స్ నేర్చుకుందామని ఖరీదైన కాగితం తెప్పించాను. పాడైపోతుందేమో అని నెలలుగా అలాగే ఉంచాను. ఈ వయసులో మొదలుపెట్టడం పొరపాటా?

జవాబు: వయసు సంగతి వదిలెయ్యండి సార్, కాగితం సంగతి చూద్దాం. ఒక షీటు తీసి ఎనిమిది ముక్కలు చెయ్యండి. మొదటి ముక్క మీద బొమ్మ వెయ్యకండి. దాన్ని తడిపి, ఒక పక్క నీలం, ఇంకో పక్క ఆకర్ వదిలి, అవి ఎలా కలుసుకుంటాయో చూడండి. అంతటితో ఆ షీటు భయం పోతుంది. మీరు తెప్పించింది 300 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత, ఎక్కువైతే మందం) అయితే తడికి పెద్దగా వంకర్లు పోదు. అంతకంటే పలచనైతే నాలుగు అంచులూ టేపుతో అట్టకి అంటించండి. గంటస్తంభం, కోట అప్పుడే వద్దు, నిలువు గీతలు సరిగా రాలేదని చిన్నబుచ్చుకుంటారు. పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని నీళ్లనీ, నీళ్లలో పడ్డ నీడనీ వెయ్యండి. రెండు పూతల పని. బ్రష్‌ని నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి ఉంచకండి, మొన వంగిపోతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పలాస. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. బొమ్మలు బాగా వేస్తాడు. వేసిన వెంటనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. లైకులు తక్కువొస్తే ముఖం మాడ్చుకుంటాడు, ఒక్కోసారి బొమ్మ చింపేస్తాడు. నేను ‘చాలా బాగుందిరా’ అంటే ‘నీకేం తెలుసు’ అంటాడు. వాడితో ఎలా వేగాలో తెలియడం లేదు.

జవాబు: వాడికి మీ మాట ఎందుకు అక్కరకు రాలేదో నాకు అర్థమైందండి. ‘చాలా బాగుంది’ అన్నదీ ఒక మార్కే, లైకు లాంటిదే. వాడికి మార్కులు వేసేవాళ్లు ఎక్కువై, బొమ్మని చూసేవాళ్లు తక్కువయ్యారు. ఈసారి పక్కన కూర్చుని అడగండి: ఏది ముందు వేశావు? ఈ చెయ్యి వెయ్యడం కష్టమైందా? నీడ ఇటువైపు ఎందుకు పడింది? బొమ్మల గురించి మీకు ఏమీ తెలియకపోయినా ఈ ప్రశ్నలు అడగొచ్చు, పైగా తెలియనివాళ్లు అడిగితేనే వాడు వివరంగా చెప్తాడు. చెప్పేటప్పుడు తను ఏం చేశాడో తనకే తెలుస్తుంది. వాడికి నిబ్బరం అక్కణ్ణుంచి మొదలవుతుంది.

మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి గురించి వాడికి చెప్పండి. ఇంట్లోనే తండ్రి దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. ‘వపా’ అన్న సంతకం చందమామ, యువ పత్రికల ముఖచిత్రాల మీద చూసి తెలుగువాళ్లు ఎంత మురిసిపోయేవారో మా తరానికి తెలుసు. ఆయన సన్మానాలకీ సభలకీ దూరంగా కశింకోటలో ఉంటూ పని చేసుకున్నారు. ఆ రోజుల్లో బొమ్మ బ్లాకు తయారై, అచ్చయి, పుస్తకం ఊళ్లకి చేరి, ఎవరో చదివి ఉత్తరం రాసేసరికి ఎన్నాళ్లు పట్టేదో ఊహించండి. ఈలోగా చిత్రకారుడు ఇంకో బొమ్మలో మునిగి ఉంటాడు. మెచ్చుకోలు వచ్చినా రాకపోయినా చేతిలో పని ఉంటుంది.

ఫోన్ లాక్కోమని అనను. పదిహేడేళ్ల వాడితో అది యుద్ధమే. ఒక ఒప్పందం చేసుకోండి: వేసిన బొమ్మ నెల రోజుల తర్వాతే పెట్టాలి. నెల పోయాక ఆ బొమ్మలో తప్పులు వాడికే కనబడతాయి, బాగున్నవీ కనబడతాయి, అప్పుడు వచ్చే లైకులు వాణ్ణి అంతగా కదపవు. ఇంకొకటి, ఫోటో ఎప్పటికీ తియ్యని పుస్తకం ఒకటి వాడికి ఉండాలి. దాన్ని మీరు కూడా తెరవకూడదు. చింపిన బొమ్మ ముక్కలు దొరికితే పారెయ్యకుండా ఒక కవర్లో దాచండి. అన్నం, నిద్ర వారాల తరబడి మానేస్తుంటే మాత్రం అది బొమ్మల సంగతి కాదు, డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: టీచర్ గారూ, మాది బొబ్బిలి. నాకు ముగ్గులు తప్ప ఏమీ రావు. మా తోటికోడలు కాన్వాస్ మీద పెయింటింగులు వేస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. ముగ్గు కూడా కళ కింద లెక్కేనా?

జవాబు: మీ పక్కనే గొల్లపల్లిలో పనస దుంగని ఏకాండిగా, అంటే ఒకే ముక్కగా తొలిచి వీణ చేస్తారు. ఎక్కువ తొలిస్తే మళ్లీ అతికించేది ఉండదు. మీ ముగ్గూ అంతే, రబ్బరు పెట్టి చెరిపే గీత కాదు. మొదలుపెట్టిన చోటికి పిండి ధార తెగకుండా తిరిగి రావాలి, వేళ్ల సందున పిండి ఎంత వదలాలో చెయ్యి నడుస్తూనే చూసుకోవాలి. కాన్వాస్ మీద వేసేవాళ్లలో ఎంతమందికి ఆ చెయ్యి ఉందో నాకు తెలుసు, చాలా తక్కువమందికి. పైన విజయనగరం పెద్దాయన కాగితం పాడవుతుందని నెలలుగా దాచుకున్నారు. మీరు తెల్లారి వేసిన ముగ్గు మీంచి పదింటికల్లా స్కూటర్లు వెళ్లిపోతాయి, మర్నాడు మళ్లీ వేస్తారు. ఆ భయం లేకపోవడం నేర్పితే వచ్చేది కాదమ్మా.

లెక్కేనా అని మీరు అడగడానికి ఒక కారణం, మీ పని ఎక్కడా మిగలకపోవడం. ఒక గళ్ల పుస్తకం కొనుక్కోండి. వేసిన ముగ్గుని చుక్కల లెక్కతో సహా అందులో దించండి, పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు అని పక్కన రాసుకుంటూ. మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నవి ముందు నుంచి, మీరు సొంతంగా కల్పించినవి వెనక నుంచి. వెనక పేజీల్లోది ఒకటి, మీకు బాగా నచ్చింది, నల్ల పెన్నుతో స్పష్టంగా గీసి కింద మీ పేరు రాసి పంపండి. వచ్చే నెల ఇదే పేజీలో వేయిస్తాను.